వైజాగ్ రాళ్ల నుంచి వాటర్ బాటిల్లో తార్నాక దాకా వచ్చిన చేప. ఇప్పుడేం చెయ్యాలి?

తార్నాక_తల్లి · సోమవారం ఉదయం 8:40

నమస్తే అండీ. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు. అక్వేరియంల గురించి నాకు ఓనమాలు కూడా రావు, దయచేసి తిట్టకండి.

దసరా సెలవులకి వైజాగ్‌లో మా పిన్ని వాళ్లింటికి వెళ్లాం. నిన్న బయల్దేరే ముందు చివరిసారి అని పిల్లలు గోల చేస్తే జోడుగుళ్లపాలెం వైపు రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాం. మధ్యాహ్నం రెండున్నర అయ్యుంటుంది, సముద్రం బాగా వెనక్కి పోయి రాళ్ల మధ్య గుంటల్లోనే నీళ్లు మిగిలాయి. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఇవాళ తెల్లారి వరంగల్ దాటాక మా వాడు (నాలుగో తరగతి) నన్ను లేపి, చాలా గుట్టుగా, "అమ్మా, దీనికి టిఫిన్ ఏం పెట్టాలి" అని తన వాటర్ బాటిల్ చూపించాడు. అందులో చేప. రాత్రంతా మూత తీసి పెట్టి, బాటిల్‌ని ఒళ్లో పెట్టుకునే పడుకున్నాట్ట. నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

చేప నా చూపుడు వేలంత కూడా లేదు. మట్టి రంగు, పక్కల్లో అడ్డంగా ముదురు చారలు. కళ్లు కప్పకున్నట్టు నెత్తి మీదున్నాయి. వాటి పైన రెండు చిన్న పోగుల్లాంటివి నిక్కబొడుచుకుని ఉన్నాయి, కనుబొమలు దువ్వుకోని తాతగారిలా. పెదాలు లావు. ఈదట్లేదు. అడుగున కూర్చుని, ముందు రెక్కల మీద ఆనుకుని మమ్మల్నే చూస్తోంది, అంతే.

ఇంటికి రాగానే ప్లాస్టిక్ టబ్బులో పోశాను. అదృష్టం ఏంటంటే మా అత్తగారు దిష్టికి ఇంట్లో చల్లాలని సముద్రపు నీళ్లు తెమ్మన్నారు, ఐదు లీటర్ల క్యాను నిండా తెచ్చాం. ఒక చెంబుడు ఆవిడ అప్పుడే గుమ్మాలకి చల్లేశారు. మిగతాది నేను మంచం కింద దాచాను.

మా వీధి చివర చేపల షాపు అతనికి ఫోన్ చేస్తే "గుప్పీల ట్యాంకులో వేసెయ్యండి మేడమ్, గుప్పెడు ఉప్పు కలపండి చాలు" అన్నాడు. అత్తగారు ట్యాంక్‌బండ్‌లో వదిలేయమంటున్నారు. మావారు ఏమీ అనకుండా ఆఫీసుకి వెళ్లిపోయారు.

ఇదేం చేప? వంటింటి ఉప్పుతో నీళ్లు తయారుచేయొచ్చా? కరుస్తుందా? మా వాడు కొరికిందంటున్నాడు, వేలి మీద గాటు మాత్రం లేదు. అసలు ఇది హైదరాబాద్‌లో బతుకుతుందా?


ఉప్పునీళ్ల_బాబాయ్ · సోమవారం ఉదయం 8:58

ముందు ఆ గుప్పీల ట్యాంకూ వద్దు, ట్యాంక్‌బండూ వద్దు, గుప్పెడు ఉప్పూ వద్దు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఎందుకంటే సముద్రపు చేప ఒంట్లో ఉప్పు సముద్రంలో కంటే తక్కువ, మంచినీళ్లలో కంటే ఎక్కువ. సముద్రంలో ఉన్నంతసేపు దాని ఒంట్లోంచి నీరు బయటికి పోతూనే ఉంటుంది, అందుకని అది ఉప్పునీళ్లు తాగుతూ, ఎక్కువైన ఉప్పుని మొప్పల్లోంచి బయటికి నెట్టుకుంటూ బతుకుతుంది. దాన్ని తీసుకెళ్లి మంచినీళ్లలో వేస్తే ఈ లెక్కంతా తిరగబడి నీరు లోపలికి చొరబడుతుంది. వంటింటి ఉప్పు దాదాపు ఒట్టి సోడియం క్లోరైడ్, పైగా అయోడిన్ కలిపి ఉంటుంది. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం ఇలా బోలెడు ఉంటాయి. మెరైన్ సాల్ట్ అని వేరే దొరుకుతుంది, నా దగ్గర ఉంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. టబ్బు వెడల్పుగా ఉండాలి, నీళ్లు జానెడు లోతు మించక్కర్లేదు, పైభాగం ఎంత వెడల్పుంటే అంత గాలి కలుస్తుంది. ఒక రాయి పెట్టండి, దాక్కోవడానికి చోటు లేకపోతే బెంగతోనే సగం పోతుంది. దోమతెర గుడ్డ కట్టండి, ఎగురుతుంది. నీటిమట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి, ఆవిరై గీత కిందికి దిగితే ఆర్వో నీళ్లు మాత్రమే పొయ్యండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, ఆవిరయ్యేది నీరే, ఉప్పు అందులోనే ఉంటుంది, మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే రోజురోజుకీ చిక్కబడుతుంది. మున్సిపల్ నీళ్లు వద్దు, క్లోరిన్ ఉంటుంది. ఇవాళ ఏమీ పెట్టొద్దు, ఒకరోజు తినకపోతే చావదు, తిని వదిలితే ఆ కాసిని నీళ్లలో అమ్మోనియా పెరిగి చస్తుంది.

నేను సైనిక్‌పురిలో ఉంటాను. సాయంత్రం అటువైపు పనుంది, బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి తెచ్చిస్తాను. ఈలోపు వీలైతే ఫోటో పెట్టండి. వీపు మీద రెక్క ఒకటా రెండా చూడండి.


బిందాస్_బోరబండ · సోమవారం ఉదయం 9:20

అక్కా, జర పరేషాన్ కాకండి. వేలెడు చేప కోసం ఇంత హంగామానా? పొద్దున్నే రాంనగర్ మార్కెట్‌కి పొయ్యి చూడండి, అక్కడ చేపల గురించి ఎవరూ పోస్టులు పెట్టరు. ఫిల్టర్ ఉన్న చిన్న గాజు ట్యాంకు కొనండి, ఉప్పు కలపండి, బాబు ఖుషీ. మా ఇంట్లో గోల్డ్ ఫిష్ నాలుగేళ్లుగా ఉంది, దానికి ఏ మీటర్లూ లేవు.


పోటూ_పాటూ · సోమవారం ఉదయం 10:05

గోల్డ్ ఫిష్ మంచినీళ్ల చేప, దాంతో పోలిక పెట్టొద్దు బ్రదర్.

నేను జువాలజీ పాఠాలు చెప్తాను, చదువుకున్నది వైజాగ్‌లోనే, ఆ రాళ్ల మీద జారిపడి మోకాలు చీరుకున్న గుర్తు ఇంకా ఉంది. మీ వర్ణన బట్టి బ్లెన్నీ గానీ గోబీ గానీ అయ్యుండాలి. రాతి తీరాల్లో, నీళ్లు వెనక్కి పోయాక మిగిలే గుంటల్లో అడుగున కూర్చునే చిన్న చేపల్లో ఎక్కువ భాగం ఈ రెండు రకాలే. కళ్ల మీద పోగులు అన్నారు కాబట్టి నా ఓటు బ్లెన్నీకి.

తేడా తెలుసుకోవడం తేలిక. దాన్ని కాసేపు గాజు గ్లాసులోకి ఎక్కించి పక్కనుంచీ కిందనుంచీ చూడండి. గోబీకి సాధారణంగా వీపు మీద రెండు వాజాలు (రెక్కలు) విడివిడిగా ఉంటాయి, పొట్ట కింద రెండు వాజాలూ కలిసిపోయి చిన్న గిన్నెలా ఉంటాయి, దాంతో రాయిని పట్టుకుంటుంది. బ్లెన్నీకి వీపు మీద తల వెనక నుంచి తోక దాకా ఒకటే పొడుగాటి వాజం, మధ్యలో కాస్త నొక్కు ఉంటే ఉండొచ్చు. పొట్ట కిందివి గొంతు దగ్గరికి జరిగి, రెండు మూడు పుల్లల్లా ఉంటాయి. మీరు "ఆనుకుని కూర్చుంది" అన్నది బహుశా వాటి మీదే. ఇంకోటి, బ్లెన్నీలకి పొలుసులుండవు, ఒళ్లంతా జిగురు. పేరు కూడా గ్రీకులో జిగురు అనే మాట నుంచే వచ్చింది. అందుకని ఎత్తాలంటే చేత్తో కాదు, గ్లాసుతోనే ఎత్తండి, ఆ జిగురు పోతే జబ్బులు పట్టుకుంటాయి.

కరవడం గురించి: ఈ గుంటల్లో ఉండేవాటికి దువ్వెన పళ్లలా సన్నని పళ్ల వరస ఉంటుంది, రాతి మీద నాచు గీక్కుని తినడానికి. వేలు పెడితే గీకినట్టు అనిపిస్తుంది, అంతే. పగడపు దిబ్బల్లో ఉండే కొన్ని బ్లెన్నీలకి మాత్రం కింది దవడలో నిజమైన కోరలుంటాయి, వాటిలో విషం కూడా ఉంటుంది. 2017లో ఆ విషాన్ని పరీక్షించిన శాస్త్రవేత్తలకి అందులో నల్లమందు తరహాలో పనిచేసే పదార్థం కనిపించింది, కాటు తిన్న చేపకి బీపీ పడిపోయి మత్తెక్కుతుందని, ఈలోపు కరిచింది తప్పించుకుంటుందని వాళ్ల అంచనా. మీ వాడి చేప ఆ బాపతు కాదు, భయపడకండి.


బిందాస్_బోరబండ · సోమవారం ఉదయం 10:11

గోబీ అంటే ఇన్నాళ్లూ మంచూరియా అనుకున్నా సార్.


రాజోలు_అల్లుడు · సోమవారం ఉదయం 10:30

గోబీ అంటే పెద్ద బ్రహ్మపదార్థం ఏం కాదు, మన గోదావరి ఇసుక దొందులు ఆ కుటుంబమే. మా అత్తగారు చింతకాయ వేసి పులుసు పెడితే ముల్లు కూడా వదలం. హైదరాబాద్ వచ్చాక అవి కళ్లబడటమే మానేశాయి, ఇక్కడందరికీ కొర్రమీను తప్ప చేప కాదు. సారీ, చర్చ పక్కదారి పట్టించాను, బాబుకి చెప్పొద్దు.


తార్నాక_తల్లి · సోమవారం మధ్యాహ్నం 1:15

బాబు చదివేశాడు. రాజోలు గారితో మాట్లాడనంటున్నాడు.

గ్లాసులో పెట్టి ఫోన్ టార్చితో చూశాం. వీపు మీద ఒకటే రెక్క, మధ్యలో చిన్న నొక్కు. కింద గిన్నె లేదు, గొంతు కింద రెండు పుల్లలు, వాటి మీద మోచేతులు ఆనించినట్టు కూర్చుంది. బ్లెన్నీయే అండీ. ఒక కన్ను నా వైపు పెట్టి రెండో కంటితో మా వాణ్ని చూస్తోంది, రెండు కళ్లూ విడివిడిగా తిరుగుతున్నాయి! టార్చి దగ్గరికి తెస్తే బుగ్గల మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు కనిపించాయి, మామూలు వెలుతురులో అవి లేనే లేవు అనుకున్నాం.

ఒక టెన్షన్. పన్నెండింటప్పుడు వంటింట్లోంచి వచ్చి చూస్తే టబ్బులో చేప లేదు. దోమతెర కట్టే ఉంది. నా గుండె జారిపోయింది. తీరా చూస్తే నీటి పైన, టబ్బు గోడకి, బల్లిలా అతుక్కుని ఉంది. తోక చివర మాత్రమే నీళ్లలో ఉంది. ఒక నిమిషం అలాగే ఉండి, మా వాడు వంగి చూడగానే టప్పున నీళ్లలో పడింది. ఊపిరాడక అలా చేసిందా?


పోటూ_పాటూ · సోమవారం మధ్యాహ్నం 2:02

ఊపిరాడకా కావచ్చు, అలవాటుగానూ కావచ్చు. వీటిలో చాలావాటికి అది రోజూ చేసే పనే. ఒంటికి తేమ ఉన్నంతసేపు చర్మంలోంచి, మొప్పల్లోంచి గాలిలోని ఆక్సిజన్ తీసుకోగలవు. అలలు కొట్టే రాళ్ల మీద ఇవి ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి గెంతుతూ పోవడం మీరు కాస్త ఓపికగా కూర్చుంటే చూడొచ్చు. గువామ్ దీవిలో ఒక బ్లెన్నీ అయితే పెద్దయ్యాక బతుకంతా నీటి బయటే, అలల తుంపర పడే రాళ్ల మీదే గడుపుతుంది. కానీ టబ్బులో ఆక్సిజన్ తగ్గినా ఇదే చేస్తాయి. పంపు వచ్చేదాకా గ్లాసుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి సన్నగా పోస్తుండండి, గంటకోసారి ఓ పది గ్లాసులు చాలు.

ఈ చేపలకి ఈత అంతగా రాదు, అది మీ చేప బద్ధకం కాదు. చేపల్లో చాలావాటికి కడుపులో గాలితిత్తి ఉంటుంది, దానివల్ల నీళ్లలో తేలుతూ ఉండగలవు. ఎదిగిన బ్లెన్నీలకి సాధారణంగా అది ఉండదు. ఈదడం ఆపితే అడుక్కి దిగిపోతాయి. అల వచ్చి కొట్టే చోట తేలే శరీరం ఉంటే రాయికేసి కొట్టుకుని చావాలి మరి, అందుకని పగుళ్లలో దూరి, రాతికి ఆనుకుని ఉండేలా తయారయ్యాయి.

వీటి గుంట గురించి ఒక మాట చెప్పాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ కాసిని నీళ్లు సలసల మరిగినట్టుంటాయి, వానొస్తే చప్పబడిపోతాయి, రాత్రి నాచు గాలి పీల్చుకోవడంతో ఆక్సిజన్ పడిపోతుంది. ఇవన్నీ తట్టుకుంటుంది కాబట్టే మీ బాటిల్లో రాత్రంతా బతికింది, ఇంకే చేపైనా విజయవాడ కూడా చేరేది కాదు. కానీ అక్కడ ఏ కష్టమైనా ఆరు గంటలే. రోజుకి రెండుసార్లు పోటు వచ్చి గుంట కడిగి పోతుంది. మీ టబ్బుకి పోటు రాదు.

ఇలాంటి గుంటల్లోనే ఉండే గోబీ మీద న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఆరన్సన్ అనే ఆయన పనిచేశాడు, 1951లో రాశాడు. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి పోయినప్పుడు, ఆ చేపని బెదిరిస్తే పక్క గుంటలోకి గెంతుతుంది, తానున్న చోటు నుంచి ఆ పక్క గుంట కనపడదు, అయినా పొడి రాయి మీద కాకుండా సరిగ్గా నీళ్లలోనే పడుతుంది. ఎలా? కృత్రిమంగా గుంటలు కట్టి చూశాడు. పోటు వచ్చి అంతా మునిగినప్పుడు ఆ చేప పైన ఈదుతూ ఎక్కడ పల్లం ఎక్కడ మిట్ట అని నేర్చుకుంటుంది. అలా ఒక్క పోటు చూసిన చేపలు చాలావరకు గురి తప్పలేదు. తర్వాత 1971లో రాసినదాని ప్రకారం 40 రోజులు అవతల పెట్టి తెచ్చినా మర్చిపోలేదు. బ్లెన్నీ మీద చేసిన పని కాదది, కానీ చోటు గుర్తుపెట్టుకోవడం ఈ రాతిగుంటల చేపలకి బతుకుతెరువు.


తార్నాక_తల్లి · సోమవారం రాత్రి 10:20

బాబాయ్ గారు పంపు ఇచ్చి వెళ్లారు. చాలా థాంక్స్ అండీ. అత్తగారు మీకు టీ ఇచ్చి మీ ట్యాంకుకి దిష్టి తీయమని సలహా కూడా ఇచ్చారు, ఏమీ అనుకోకండి.

ఆ ఉప్పు కొలిచే మీటర్‌తో చూసి "1.020, తక్కువుంది" అన్నారు కదా, సముద్రపు నీళ్లేనండీ అవి, ప్రమాణం. క్యానులో ఎవరూ ఏమీ కలపలేదు.


ఉప్పునీళ్ల_బాబాయ్ · సోమవారం రాత్రి 10:45

నమ్ముతాను. మామూలుగా సముద్రపు నీళ్లు 1.025 దగ్గర ఉంటాయి, లీటరుకి 35 గ్రాముల ఉప్పు. అందుకే ఆశ్చర్యపోయాను. మంచిదైంది చూశాం, లేకపోతే నేను తెచ్చిన 1.025 నీళ్లు ఒక్కసారే పోసేసేవాణ్ని. అందుకే మీ ముందే ఆర్వో నీళ్లు కలిపి 1.020కి దించాను.


పోటూ_పాటూ · సోమవారం రాత్రి 11:10

ఆశ్చర్యం ఏం లేదు, అక్టోబర్ కదా. వర్షాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చిన వరదనీరంతా బంగాళాఖాతంలో పైపొరగా పరుచుకుంటుంది. అక్టోబర్ నుంచి మన తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరుగుతుంది, ఆ చప్పనీళ్లు వైజాగ్ మీదుగా కిందికి దిగుతాయి. ఈ నెలల్లో అక్కడి తీరంలో ఉప్పు బాగా తగ్గుతుంది, వేసవికి మళ్లీ చిక్కబడుతుంది.


తార్నాక_తల్లి · మంగళవారం ఉదయం 7:30

బతికే ఉంది. రాత్రి రాయి కింద దూరింది, పొద్దున తల మాత్రం బయటపెట్టింది. వీడు స్కూలుకి వెళ్లనని ఒకటే ఏడుపు, చివరికి చేపకి టాటా చెప్పించి పంపాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. మావారు నిన్న రాత్రి మెత్తబడి "పోనీ ఒక ట్యాంకు కొందాం" అంటున్నారు. ఎంతవుతుంది? బోరబండ గారు చెప్పినట్టు చిన్నది సరిపోతుందా?


ఉప్పునీళ్ల_బాబాయ్ · మంగళవారం ఉదయం 9:15

ట్యాంకు అమ్మేవాడు చెప్పని సంగతి చెప్తాను. గాజు పెట్టె ఖర్చే కాదు. చిన్నదయ్యే కొద్దీ నీళ్లు త్వరగా పాడవుతాయి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి 80, 100 లీటర్లయినా ఉండాలి. అందులో ఉప్పునీళ్లు నింపి, రాళ్లు పేర్చి, చేప లేకుండానే నాలుగు నుంచి ఆరు వారాలు నడపాలి, అమ్మోనియాని తినే బ్యాక్టీరియా పెరిగేదాకా. మీకు చేప ముందొచ్చింది, ట్యాంకు తర్వాత వస్తుంది, అదే తంటా. మన ఊళ్లో ఏప్రిల్, మే గది వేడికి నీళ్లు 32 దాటతాయి, నీళ్లు చల్లబరిచే చిల్లర్ కావాలి, కరెంటు పోతే పంపుకి ఇన్వర్టర్ కావాలి. నాకు మొదటి ఏడాదే 60,000 దాటింది, ఇంట్లో 25,000 అని చెప్పాను. (మా ఆవిడ ఈ గ్రూపులో లేదు.)

డబ్బు పక్కన పెట్టండి. పదకొండేళ్లలో నేను బాగా సిగ్గుపడ్డ విషయం ఒక బ్లెన్నీయే. లాన్‌మోవర్ బ్లెన్నీ అంటారు, గడ్డి కోసే మిషన్‌లా నాచు గీక్కుని తింటుంది, వేలున్నర పొడుగు, దాని మొహం చూస్తే ఎంత కోపంలో ఉన్నా నవ్వొస్తుంది. అద్దం మీద నాచు పోతుందని తెచ్చాను. రెండు నెలల్లో ట్యాంకు అద్దంలా చేసింది, వచ్చిన ప్రతివాడికీ గొప్పగా చూపించాను. నాచు అయిపోయింది. గుళికలు వేస్తే నోట్లో పెట్టుకుని ఉమ్మేసేది. అద్దం మీద దాని పెదాల ముద్రలు పడేవి, గుండ్రంగా చిన్న చిన్నవి, మొదట్లో నాచు మీద పడేవి, తర్వాత ఒట్టి అద్దం మీద కూడా గీకుతూనే ఉండేది. నేను అది హుషారనుకున్నాను. పక్కనుంచి చూస్తే నిండుగా కనపడేది, ఒకరోజు పైనుంచి చూశాను, తల వెనకాల ఒళ్లు కత్తిలా సన్నబడిపోయి ఉంది. నోరి షీట్ (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు) రాయికి కట్టి పెట్టడం మొదలెట్టేసరికి ఆలస్యమైంది. పన్నెండు రోజులకి పోయింది. శుభ్రంగా ఉన్న ట్యాంకులో ఆకలితో చచ్చింది.

మీకు ట్యాంకు కావాలంటే కొనండి, నేను సెట్ చేసిస్తాను, ఆనందంగా. కానీ ఈ చేప కోసం మాత్రం కొనకండి.


బిందాస్_బోరబండ · మంగళవారం ఉదయం 9:40

మరి మీ ట్యాంకులోనే పెట్టుకోవచ్చు కదా బాబాయ్. మీది పెద్దదే కదా.


ఉప్పునీళ్ల_బాబాయ్ · మంగళవారం ఉదయం 9:52

పెట్టుకోవచ్చు. నిన్న ఆ చేపని చూసి నోరూరింది కూడా, అబద్ధం ఎందుకు. కానీ ఒకసారి నా ట్యాంకులో పడిందంటే ఇక సముద్రానికి పంపకూడదు. నా దగ్గరున్న చేపలు ఇండోనేషియా నుంచీ ఇంకెక్కడెక్కడి నుంచో వచ్చినవి, వాటి ఒంటి మీద ఏ పురుగుందో, ఏ జబ్బుందో నాకే తెలియదు, అది ఎక్కించుకుని వైజాగ్ రాళ్లలోకి పోతే అక్కడివాటికి అంటుకుంటుంది. ఇప్పుడు అది తన సొంత నీళ్లలో, నేను కొత్తగా కలిపిన నీళ్లలో మాత్రమే ఉంది, వేరే చేప నీళ్లు ఒక్క చుక్క తగల్లేదు. వెనక్కి పంపాలంటే ఇదే సమయం. పంపే మనిషి ఉంటేనే అనుకోండి. లేకపోతే నేనే తీసుకుంటాను.


తార్నాక_తల్లి · మంగళవారం రాత్రి 9:05

మనిషి ఉన్నాడు! మా మరిది గురువారం రాత్రి బస్సుకి వైజాగ్ వెళ్తున్నాడు, శనివారం మధ్యాహ్నం ఏదో ఇంటర్వ్యూ. మొదట "వదినా, నేను చేపని మోసుకుంటూ ఇంటర్వ్యూకా" అన్నాడు, అత్తగారు ఒక చూపు చూశారు, ఒప్పుకున్నాడు.

బాబుకి చెప్పాను. గంటసేపు మాట్లాడలేదు. తర్వాత వచ్చి "ఆ గుంటలోనే వెయ్యాలి, వేరే గుంటలో కాదు, దానికి ఆ గుంటే తెలుసు" అన్నాడు. ఇవాళ పొద్దున మీ మెసేజ్‌లన్నీ వాడికి చదివి వినిపించాను లెండి. పగిలిన కోడిగుడ్డులా ఉండే రాయి, దాని పక్కన నల్లగా ఉన్నది, దాని వెనక గుంట అట. కాగితం మీద బొమ్మ వేసిచ్చాడు.

ఎలా ప్యాక్ చెయ్యాలి? శుక్రవారం బస్సు దిగగానే వదిలేయొచ్చా?


పోటూ_పాటూ · మంగళవారం రాత్రి 9:50

దిగగానే కుదరదు. మీవాడు పట్టింది ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి, అప్పుడు పాటు అనుకుందాం. వైజాగ్‌లో రోజుకి రెండు పోట్లు రెండు పాట్లు, రోజూ దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యం అవుతాయి. ఆ లెక్కన శుక్రవారం పాట్లు పొద్దున ఆరుంపావు, సాయంత్రం ఆరున్నర దాటాక. బస్సు దిగేసరికి మొదటిది అయిపోతుంది, రెండోదానికి చీకటి పడిపోతుంది, చీకట్లో ఆ రాళ్ల మీద ఎవర్నీ పంపకండి. శనివారం పొద్దున ఏడు. శుక్రవారం మీ పిన్నిగారింట్లో టబ్బులో ఉంచండి, ఇంటర్వ్యూ మధ్యాహ్నమే కదా. పోటులో మాత్రం అలల్లోకి విసరొద్దు, పెద్ద చేపల నోట్లోకే పోతుంది.


ఉప్పునీళ్ల_బాబాయ్ · మంగళవారం రాత్రి 10:10

ప్యాకింగ్: గురువారం ఏమీ పెట్టొద్దు. రెండు పాలిథిన్ కవర్లు ఒకదాంట్లో ఒకటి, మూడో వంతు నీళ్లు, రెండు వంతులు గాలి. చాలామంది నీళ్లు నిండా పోస్తారు, ఊపిరి గాలి నుంచి రావాలి. పేపర్ చుట్టి థర్మోకోల్ డబ్బాలో, చీకటిగా ఉంటే కదలకుండా ఉంటుంది. పిన్నిగారింటికి చేరాక నా పంపు పెట్టుకోవడానికి పంపు కూడా పంపండి. వదిలే ముందు గుంటలో నీళ్లు అరగ్లాసు చొప్పున పది నిమిషాలకోసారి కవర్లో కలుపుతూ ఒక గంట. తొందర పడొద్దని మరిదిగారికి చెప్పండి.

ఇంకో మాట, వచ్చేటప్పుడు గుర్తుగా పగడపు ముక్కలు, పెద్ద శంఖాలు ఏవీ ఏరుకురాకండి. పగడాలూ కొన్ని రకాల శంఖాలూ 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి.


తార్నాక_తల్లి · శనివారం ఉదయం 10:25

అందరికీ అప్‌డేట్. బస్సులో బాగానే వెళ్లింది, పక్క సీటాయన డబ్బాలో బిర్యానీ అనుకుని మూడుసార్లు అడిగాడట.

పొద్దున ఆరున్నరకే మా మరిది ఫోన్ ఒక చేత్తో కాగితం ఒక చేత్తో రాళ్ల మీద తిరిగాడు. వాడికి అన్ని రాళ్లూ పగిలిన గుడ్లలాగే కనిపించాయి. వీడియో కాల్‌లో మావాడే "ఎడమకి బాబాయ్, ఇంకా ఎడమకి, పచ్చగా జారుతుంది చూసుకో" అని తీసుకెళ్లాడు. గుంట దొరికింది. మా ఇంట్లో నీళ్ల బకెట్ అంత ఉంటుంది, అంతే. గంటసేపు నీళ్లు కలపమంటే ముప్పావుగంటకే "ఇక చాలు వదినా" అన్నాడు, ఒప్పుకోలేదు.

కవరు ఒరిపితే చేప బయటికి రాలేదు. అంచు మీద కూర్చుని మోచేతులు ఆనించి చూస్తోంది, టబ్బులో చూసినట్టే. రెండు నిమిషాలు. తర్వాత మెల్లగా దిగి ఒక పగులు దగ్గరికి వెళ్లింది. లోపలి నుంచి ఇంకోటి వచ్చింది, దీనికి రెండింతలుంది, నల్లగా, నోరు తెరిచి తరిమింది! మావాడు ఇక్కడ కేకలు. మనది ఒక్క గెంతు గెంతి గట్టు దాటి కనపడకుండా పోయింది. మరిది లేచి అటువైపు చూస్తే అక్కడ ఇంకో గుంట ఉంది, పళ్లెమంత. అందులో రాయి కింద నుంచి రెండు కళ్లు కనిపిస్తున్నాయి అన్నాడు. స్క్రీన్‌షాట్ తీశాను కానీ అందులో రాయి తప్ప ఏమీ కనపడట్లేదు.


పోటూ_పాటూ · శనివారం ఉదయం 10:40

పొడి రాయి మీద పడలేదుగా. సరే.


రాజోలు_అల్లుడు · శనివారం ఉదయం 10:48

బాబుకి నా తరఫున సారీ చెప్పండి. ఇంటర్వ్యూ ఎలా అయింది?


తార్నాక_తల్లి · శనివారం సాయంత్రం 6:30

బాగానే అయిందట, కానీ ప్యాంటుకి నాచు అంటుకుని ఉందని లోపలికి వెళ్లాక చూసుకున్నాడట.


ఉప్పునీళ్ల_బాబాయ్ · శనివారం సాయంత్రం 6:41

అంతా బాగుంది. నా బ్యాటరీ పంపు ఇప్పుడు ఎక్కడుందండీ?


తార్నాక_తల్లి · శనివారం రాత్రి 7:15

పిన్ని వాళ్ల బాల్కనీలో ఉందట. సంక్రాంతికి తెస్తాం.